నిమిషానికి నాలుగు రెప్పపాట్లు

ఆ ఆదివారం పొద్దున సుకుమారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు చర్చికి వెళ్ళాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి కోడిగుడ్ల పులుసు పెట్టుకోవాలి, తిని కాసేపు పడుకోవాలి, సాయంత్రం రెండు చీరలు ఉతికి ఆరేసుకోవాలి. ఇందులో ఎక్కడా రెండో మనిషి లేదు. వాళ్ళమ్మ పోయిన ఈ రెండేళ్ళుగా ఆమె ఆదివారాలన్నీ ఇలాగే గడుస్తున్నాయి. శనివారం సాయంత్రం మొదలు సోమవారం పొద్దున దాకా ఆమె నోటివెంట వచ్చిన మాటలన్నీ రాస్తే బస్సు టికెట్టు వెనకాల సరిపోతాయి.

సుకుమారికి నలభయ్యారేళ్ళు. పెళ్ళి కాలేదు. ఉదయగిరిలో తహసీల్దారు ఆఫీసుకు ఎదురుగా పెంచలనరసయ్య నడిపే నెట్ సెంటర్లో పందొమ్మిదేళ్ళుగా టైపు చేస్తోంది. అర్జీలు, అఫిడవిట్లు, పొలం కాగితాల్లో తప్పుల సవరణలు. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా కంప్యూటరు ముందు కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు తమ కష్టాలన్నీ ఆమెకు చెప్పుకుంటారు గానీ, ఆమె భుజం మీదుగా తెరను చూస్తూ చెప్పుకుంటారు. ఇంటికొచ్చాక ఫోను చూస్తుంది. పెద్ద తెర మూసి చిన్న తెర తెరవడమే ఆమెకు రోజు ముగియడం.

చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. సుకుమారికి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చోవడం అలవాటు. ఆరోజు ఎవరో పెళ్ళివారు వచ్చి ఆ గోడంతా ఆక్రమించడంతో ముందుకు జరిగి పెద్ద ఫ్యాను కింద కూర్చోవలసి వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో వానలు, పరీక్షలు రాసే పిల్లలు, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, దేశాన్ని ఏలేవాళ్ళు అందరూ వస్తారు కాబట్టి పావుగంటకు తక్కువ కాదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. సుకుమారి మూసుకోలేదు. మూసుకుంటే ఆమెకు నిద్రొస్తుంది. ఒకసారి గురక కూడా వచ్చింది. అందుకని ప్రార్థన జరిగినంతసేపూ గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుంటుంది.

ఫ్యాను గాలి తిన్నగా ముఖానికి కొడుతోంది. ఆమె కన్నార్పకుండా ముల్లునే చూస్తోంది. అయిదు నిమిషాలకు కళ్ళు మండాయి. పది నిమిషాలకు రెండు బుగ్గల మీదా నీళ్ళు కారడం మొదలైంది.

న్యాయంగా అయితే ఇది ఎవరి కంటా పడకూడదు. కానీ స్త్రీల సమాజం అధ్యక్షురాలు లిదియమ్మకు ఒక బాధ్యత ఉంది. ప్రార్థనలో ఎవరు కళ్ళు తెరుస్తున్నారో కనిపెట్టడానికి ఆవిడ కళ్ళు తెరిచి చూస్తూ ఉంటుంది. ఆవిడ చూసింది.

“ఏమైనాది సుకుమారీ?” అని బయట చెప్పుల దగ్గర పట్టుకుంది.

“ఏం లేదక్కా. ఫ్యాను గాలి.”

ఏడ్చి దొరికిపోయిన ఆడవాళ్ళు చెప్పే మాటలు మూడే మూడు: కంట్లో నలుసు, పొయ్యి పొగ, గాలి. అరవై ఏళ్ళు బతికిన లిదియమ్మ ఈ మూడూ చెప్పింది, విన్నది.

“గాలి నాకూ కొట్టె గదమ్మా. నేనేమన్నా ఏడిస్తినా?” అంది. సుకుమారి వంగి చెప్పులు వెతుక్కుంది. అదే లిదియమ్మకు జవాబయింది.

ఆ సమాజానికి ఒక పద్ధతి ఉంది. వారం వారం గురువారం సాయంత్రం ఎవరు భారంతో ఉంటే వాళ్ళింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. భారమంటే చావు, జబ్బు, కోర్టు కేసు, పరీక్ష తప్పిన పిల్లవాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు సుకుమారి ఇంట్లో రెండు గురువారాలు పెట్టారు. తర్వాత రెండేళ్ళూ ఆమెకు వంతు రాలేదు, ఎందుకంటే ఆమెకు ఏ భారమూ లేదు. ఒంటరిగా ఉండటం ఆ జాబితాలో లేదు.

గురువారం ఐదుగురు వచ్చారు. సుకుమారి పని ముగిసే దాకా ఆగి ఏడున్నరకు వచ్చారు. ఇంట్లో గ్లాసులు రెండే ఉన్నాయి. రెండు వీధుల అవతల ఉండే రెబెకమ్మ తన ఇంటి నుంచి అరడజను తెచ్చింది. పాట పాడారు, ప్రార్థన చేశారు. ఏం బాధని ఒక్కరూ అడగలేదు. చెప్పుకోలేని భారాన్ని అడగకూడదని లిదియమ్మ ముందే హెచ్చరించి తీసుకొచ్చింది. అడగడానికి లేదు కాబట్టి ఊళ్ళో విషయాలన్నీ మాట్లాడారు. సుకుమారి కూడా మాట్లాడింది. సొంత అన్న మీద అర్జీ టైపు చేయించుకుని, చదివించుకుని, ఏడ్చి, చించేసి, మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ అదే టైపు చేయించుకున్న దుత్తలూరు రైతు సంగతి చెప్పింది. అందరూ పడీ పడీ నవ్వారు. తను చెప్పినదానికి మనుషులు నవ్వగా విని ఆమెకు చాలా కాలమైంది. వాళ్ళు వెళ్ళాక చాప మడవబుద్ధి కాలేదు. అలాగే వదిలేసి దాని మీదే కూర్చుని అన్నం తింది.

మరుసటి ఆదివారం లిదియమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో, తన పక్కన, ఫ్యాను కింద కూర్చోబెట్టుకుంది. మళ్ళీ కన్నీళ్ళు కారాయి. గురువారానికి ఐదుగురు తొమ్మిదిమంది అయ్యారు.

తొమ్మిదిమంది ఆడవాళ్ళు అడగకుండా ఉండగలరు గానీ ఊహించకుండా ఉండలేరు. అద్దెకిచ్చిన ఇంటావిడ ఇల్లు ఖాళీ చేయమనుంటుందని రెబెకమ్మ తేల్చింది. తేల్చి ఊరుకోలేదు. ఇంటావిడ మాలకొండమ్మ పక్క వాటాలోనే ఉంటుంది. ఆమె వీధి కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉండగా వెళ్ళి అడిగేసింది.

“తల్లి లేని పిల్లను వీధిలోకి నెడితే నీకేమొస్తాది మాలకొండమ్మా?”

“ఎవర్ని నెట్టినాను? ఏ పిల్ల?”

“సుకుమారి. చర్చిలో కూర్చోని ధారగా ఏడస్తా ఉండాది.”

“దేవుడి తోడు, నేనేమీ అన్లేదు. మోటారు ఆపమని అనుంటాను, అంతే.”

బిందెలు పెట్టిన ఆరుగురూ మాలకొండమ్మ వంక అదోలా చూశారు. వీధిలో పరువు నిలబెట్టుకోవడానికి ఆమె మర్నాడు పొద్దున గిన్నెడు గోంగూర పచ్చడి తీసుకుని, కొళాయి దగ్గరున్న అందరికీ కనబడేట్టుగా, సుకుమారి గడప మీదికొచ్చి కూర్చుంది. ఇస్తే లేచిపోవచ్చు. కానీ త్వరగా లేస్తే మనసు లేకుండా ఇచ్చిందంటారని గంటసేపు కూర్చుంది. ఆ తర్వాత అది రోజువారీ పని అయింది. పన్నెండేళ్ళుగా గోడ అవతల ఉన్న మనిషికి పాటలు పాడటం వచ్చునని, చిన్నప్పుడు ఈత నేర్చుకుందని సుకుమారికి అప్పుడే తెలిసింది.

కొళాయి దగ్గర గెలిచిన రెబెకమ్మ నేరుగా నెట్ సెంటరుకు వెళ్ళింది. “మా పిల్లను పీడించి పని చేయించుకుంటా ఉండావంట,” అని పెంచలనరసయ్యను నిలదీసింది. ఆయన బిత్తరపోయాడు.

“నేనా? పందొమ్మిదేళ్ళుగా ఆమెతో గట్టిగా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదమ్మా.”

“అదే గదా నేను చెప్పేది.”

ఆమె వెళ్ళాక పెంచలనరసయ్య కొన్నేళ్ళలో మొదటిసారి సుకుమారి ముఖంలోకి చూశాడు. కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. ఆయన నెత్తిన ఏ సమాజమూ లేదు కాబట్టి చూసింది చూసినట్టే అనుకున్నాడు.

“కళ్ళు ఎట్టుండాయో చూసుకున్నావా? రేపు రాబాక. ఆత్మకూరు పోయి చూపించుకో,” అన్నాడు.

ఆత్మకూరులో కంటి డాక్టరు చైత్ర వయసులో చిన్నది. పేరు, ఊరు రాసుకుని, ఒక నిమిషం పాటు సుకుమారి ముఖాన్నీ తన చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూసింది.

“నాలుగు,” అంది.

“ఏంది మేడం నాలుగు?”

“నిమిషంలో మీరు రెప్ప కొట్టింది నాలుగుసార్లు. మామూలుగా పదిహేను, ఇరవైసార్లు కొట్టాలి.”

సుకుమారికి లెక్కల పరీక్ష తప్పినంత సిగ్గయింది. “కొట్టమని నాకెవరూ చెప్పలేదు మేడం,” అంది.

“ఒకరు చెప్పేదేం లేదు, దానంతటదే పడుతుంది. దుమ్మొస్తే పడుతుంది. ఏదైనా మీదికొస్తే మనం చూసేలోపే పడిపోతుంది. ఏమీ రాకపోయినా పడాలి, ఎందుకంటే కన్ను తడిగా ఉండాలి. ఇల్లు తడిగుడ్డ పెట్టి తుడుస్తారు చూడండి, అట్లా రెప్ప పడినప్పుడల్లా కన్నీటిని కంటి మీదంతా పల్చగా పరుస్తుంది. పనిలో పని, చెత్తంతా మూలకు నెట్టేస్తుంది. రెప్ప అంచుల్లో సన్నటి నూనె గ్రంథులుంటాయి. రెప్ప నొక్కుకున్నప్పుడు అవి కాస్త నూనె వదులుతాయి. ఆ నూనె వల్లే తడి ఆరకుండా నిలుస్తుంది. మీరు తెరను చూస్తూ రెప్ప కొట్టడం మరిచిపోయారు. కన్ను ఎండిపోయింది. ఎండి మండేసరికి గాబరాపడి ఒకేసారి నీళ్ళు కుమ్మరిస్తోంది. అవి కంట్లో నిలిచే నీళ్ళు కావు, ఊరికే కారిపోయే నీళ్ళు.”

“అంటే, ఎండిపోయినందుకే కారతా ఉండాయా?”

“అంతే. చుక్కల మందు రాస్తాను, నెల తర్వాత మళ్ళీ రండి. ఫ్యాను కింద కూర్చోకండి. మధ్య మధ్య పని ఆపి నిదానంగా రెప్పలు మూసి తెరవండి. ఇంకోటి, మనుషులతో మాట్లాడుతూ ఉండండి. తెర చూసేటప్పుడు రెప్పపాటు తగ్గుతుంది, కబుర్లు చెప్పుకునేటప్పుడు పెరుగుతుంది. ఇంట్లో వాళ్ళుంటారు గదా?”

“ఉంటారు,” అంది సుకుమారి. ఎందుకలా అందో ఆమెకే తెలియదు.

తిరుగు బస్సులో రెప్పలు కొట్టడం సాధన చేసింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, సంచీ తీసుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు. గురువారం అందరితోనూ విషయం చెప్పేయాలని ఆమె గట్టిగా అనుకుంది. ఇది భారం కాదు, కంటిజబ్బు. రెండు ముక్కల్లో అయిపోతుంది.

గురువారం పద్నాలుగుమంది వచ్చారు. మతం వేరైనా మాలకొండమ్మ కూడా తన కుర్చీ తనే మోసుకుని వచ్చి కూర్చుంది. ఇంట్లో నిలబడే చోటు లేదు. ఎవరో అల్లంటీ కాస్తున్నారు, ఎవరో ఉల్లిపాయలు ఎక్కడున్నాయని కేక వేస్తున్నారు. సుకుమారి గొంతు సవరించుకుంది.

“అక్కా, నేను నిన్న ఆత్మకూరు పోయొచ్చినాను. డాక్టరు దగ్గరికి.”

ఉల్లిపాయల కేక ఆగిపోయింది. రెబెకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏం చెప్పినాడు తల్లీ? ఎన్నాళ్ళంట?”

పద్నాలుగు ముఖాలు తన వంకే చూస్తున్నాయి. అన్ని ముఖాలు ఒకేసారి తన కోసం తిరగడం సుకుమారి ఎన్నడూ ఎరగదు. ఇప్పుడు నిజం చెబితే వచ్చే గురువారం ఈ చాప ఖాళీగా ఉంటుంది. ఆమెకు భయం వేసింది.

“ఏం లేదులే అక్కా. ప్రార్థన చేయండి,” అంది. చుక్కల మందు బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళింది.

ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. పొద్దున మాలకొండమ్మతో గంట, గురువారం పద్నాలుగుమందితో రెండు గంటలు, నడుమ “ఏం తిన్నావు?” అని అడగడం మొదలుపెట్టిన పెంచలనరసయ్య. ఇంతమందితో మాట్లాడేసరికి మందు వేయకుండానే కళ్ళు బాగుపడ్డాయి. ఆ ఆదివారం పాస్టరు గారు దేశాన్ని ఏలేవాళ్ళ దాకా వచ్చినా ఒక్క చుక్క కారలేదు. లిదియమ్మ పక్కనుంచి చూస్తూనే ఉంది.

“తేలికైనాదే తల్లీ,” అంది బయటికొచ్చాక, సంతోషంగా. “అయితే వచ్చే వారం మెట్టవీధిలో పెట్టుకుందాం. ఆడ ఒకాయనకు మోకాలి ఆపరేషను చేసినారు.”

“లేదక్కా,” అంది సుకుమారి కంగారుగా. “ఇంకా ఉండాది. లోపల.”

ఆ వారమంతా ఆమె కష్టపడి పనిచేసింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను తెరకు ముఖం ఆనించి, రెప్ప వాలబోతే బలవంతంగా నిలబెట్టి చూసింది. ఆదివారం పొద్దున ఫ్యాను కిందికి అందరికంటే ముందే చేరి, ఎదురుగా తల పైకెత్తి కూర్చుంది. ఎక్కువ చేసిందేమో, వానల దగ్గరే కళ్ళు కారడం మొదలై, పరీక్షలు రాసే పిల్లల దగ్గరికొచ్చేసరికి జాకెట్టు తడిసింది. ఈసారి పాస్టరు గారే చూశారు. చూసి ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. ఆయన ప్రార్థన మధ్యలో ఆగడం ఆ సంఘం ఎరగదు. సుకుమారి కోసం వచ్చే శనివారం ఉపవాస ప్రార్థన జరుగుతుందనీ, వరికుంటపాడు, దుత్తలూరు సంఘాలకు కబురు పంపుతున్నామనీ అప్పటికప్పుడే ప్రకటించారు.

శనివారం చర్చి ముందు షామియానా వేశారు. డెబ్బైమంది వచ్చారు. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్నారు. సుకుమారిని నడుమ కూర్చోబెట్టారు. పక్కన దుత్తలూరు నుంచి వచ్చిన వెంకమ్మ అనే ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“షుగరుండాది నాకు,” అంది వెంకమ్మ మెల్లగా. “ఉపవాసం వద్దన్నారు మా ఇంట్లో. ఎవరో ఒంటరి పిల్లంట, ఏడస్తా ఉండాదంట, పోకుంటే ఎట్టా అని వచ్చినాను.”

సుకుమారి ఇక కూర్చోలేకపోయింది. లేచి నిలబడింది. దేవుడు తనకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పబోతోందనుకుని అందరూ సర్దుకున్నారు. ఎవరో మైకు తెచ్చి చేతికిచ్చారు.

“నాకు భారం ఏమీ లేదు. రెప్పలు సరిగ్గా కొట్టను, అందుకని నీళ్ళు కారినాయి,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. భయంలో ఏం చెప్పాలో తోచక డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పింది. నిమిషానికి పదిహేను నుంచి ఇరవై, తడిగుడ్డ, నూనె గ్రంథులు, నిలిచే నీళ్ళు, కారిపోయే నీళ్ళు. ఉపవాస ప్రార్థన మైకులోంచి కంటి రెప్పల పాఠం ఉదయగిరి బస్టాండు దాకా వినిపించింది. చివరికి ఆమె మైకు దించింది.

“మంట నాకూ ఉండాదమ్మా,” అంది వెంకమ్మ. “ఆ డాక్టరమ్మ యాడుంటాది?”

దాంతో కట్ట తెగింది. ఒకామెకు శుక్లాలు, ఒకామెకు ఎడమ కన్ను అదురు, ఒకామె మనవడికి మెల్ల. నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చుని ఒకరి రెప్పలు ఒకరు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్క గడియారంతో పెట్టాలా వేళ్ళతోనా అని వరికుంటపాడు వాళ్ళకూ దుత్తలూరు వాళ్ళకూ మాట తేడా వచ్చింది. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. ఉపవాసం ముగియడానికి ఇంకా రెండు గంటలుంది.

లిదియమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. “ముందే ఒక మాట చెప్పొచ్చు గదా సుకుమారీ,” అంది.

“మొదటి రోజే చెప్పినాను గదక్కా. ఫ్యాను గాలని.”

అది నిజమే. చెప్పవలసిన నిజం మరొకటి ఉంది. నయమైపోతే మీరు రావడం మానేస్తారని భయపడ్డాను, మీరు వచ్చిన ఆ గురువారాలే నాకు బతికినట్టుగా ఉన్నాయి, ఇదీ నా భారం. ఆ మాట వినడానికే పొద్దున్నించి డెబ్బైమంది పస్తులున్నారు. చేతిలో మైకు కూడా ఉంది. కానీ ఆమె ఆ మైకును తెచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేసింది.

“పోన్లే, నీకేమీ లేదు. అంతే చాలు,” అంది లిదియమ్మ. మనస్ఫూర్తిగానే అంది. అందరూ అదే అన్నారు. నీకేమీ లేదు, దేవునికి స్తోత్రం, నీకేమీ లేదు.

ఏమీ లేని మనిషింటికి ఎవరూ రారు. గురువారం ప్రార్థన మోకాలి ఆపరేషను ఇంటికి మారింది. వేళ కూడా పాతదే అయింది, సాయంత్రం అయిదుకు. ఆ వేళకు సుకుమారి ఎవరిదో అర్జీ టైపు చేస్తుంటుంది. నింద తొలగిపోయిన మాలకొండమ్మకు గిన్నె మోయవలసిన అవసరం లేకపోయింది. పెంచలనరసయ్య రోజూ చెప్పే పని లేకుండా “రెప్ప కొట్టు” అని పెద్దక్షరాలతో కాగితం అచ్చేసి ఆమె కంప్యూటరుకు అంటించాడు. చర్చిలో ఆమె రాగానే ఎవరో ఒకరు లేచి ఫ్యాను ఆపుతారు, ఆడవాళ్ళంతా చెమటలు తుడుచుకుంటూ ఆమె వంక చూస్తారు. బయట లిదియమ్మ పలకరించడం మానలేదు.

“రెప్పలు కొడతా ఉండావా?”

“కొడతా ఉండానక్కా.”

చెప్పిన గడువుకు సుకుమారి మళ్ళీ ఆత్మకూరు వెళ్ళింది. ఆరోజు డాక్టరు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. “ఈసారి కన్నీళ్ళు ఎంత ఊరుతున్నాయో కొలుద్దాం,” అంటూ చైత్ర గీతలు కొట్టి ఉన్న సన్నటి కాగితం ముక్కలు రెండు తీసింది. ఒక్కోదాని కొస మడిచి ఒక్కో కింది రెప్పకు తగిలించింది. “కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చోండి. తడి పది గీతలు దాటితే బాగున్నట్టు,” అని పక్క కుర్చీలో ఉన్న రోగి వైపు తిరిగింది.

సుకుమారి చీకట్లో కూర్చుంది.

“నేను చెప్పినట్టు మాట్లాడుతున్నారా?” డాక్టరు గొంతు అటువైపు నుంచి వచ్చింది.

“ఆఁ.”

“ఎవరితో?”

సుకుమారి ఆలోచించింది. ఆ వారమంతా ఒకసారి వెనక్కి తిప్పుకుని చూసింది. ఇంకో వారం కూడా చూసింది. “మా అమ్మతో,” అంది.

“మంచిది. పెద్దావిడకూ కాలక్షేపం,” అంది చైత్ర.

రెండు నిమిషాలు కాకుండానే కాగితాలు చివరంటా తడిసి అంటుకుపోయాయి. డాక్టరు వాటిని తీసి వెలుతురులో పట్టుకుని చూసి చాలా సంతోషించింది. మందు ఇంత త్వరగా ఇంత బాగా పనిచేయడం తను ఎక్కడా చూడలేదంది. పాత చీటీ తిప్పి, వెనక రెండే ముక్కలు రాసి ఇచ్చింది: కన్నీళ్ళకు కొరత లేదు, మళ్ళీ రానక్కర్లేదు.